కట్టుబట్ట, కుట్టుబట్ట: కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమ నుడికారంలో వస్త్రచరిత్ర

నిజాం ప్రభుత్వకాలపు పత్రాలలో కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట అనే పేర్లతో కనిపించే రెండు తాలూకా కేంద్రాలు, కాలక్రమాన పేరు చివరి ‘పేట’ను విడిచి, నేటి కామారెడ్డి, ఎల్లారెడ్డిలుగా మిగిలాయి. పేట అంటే అంగడివీథి గల ఊరు. తూర్పున చెరువుల కింది వరిమడులు, పడమట మంజీర తీరం, దాని కావల మద్నూరు, జుక్కల్ ప్రాంతాల నల్లరేగడి పత్తిచేలు, వాటిని దాటగానే మరాఠీ, కన్నడ భాషల పొలిమేర. ఇన్నింటి నడుమ ఒదిగిన ఈ సీమలో సాలెల మగ్గాలు, కురుమల గొర్రెల మందలు, చాకలిరేవులు, లంబాడ తండాలు తరతరాలుగా పక్కపక్కనే బతికాయి. అయితే ఈ జనం ఏమి కట్టుకున్నారో, ఎట్లా కట్టుకున్నారో చెప్పే లిఖితసామగ్రి బహుస్వల్పం. ప్రభువుల వస్త్రవైభవం చిత్రపటాలలోను, కావ్యవర్ణనలలోను నిలిచింది. కాపు, కురుమ, చాకలి, సాలె కట్టుకున్న బట్ట మాత్రం చినిగి, పేలికై, బొంతలో చేరి, చివరకు వారి మాటలలోనే మిగిలింది. ఆ మాటలను చరిత్రకు ఆకరంగా స్వీకరించి పరిశీలిస్తే అందులో రెండు పొరలు విస్పష్టంగా కనిపిస్తాయి. కుట్టుపని ఎరగని నిడుపాటి వస్త్రాన్ని చుట్టి, ముడివేసి, కప్పుకున్న కాలానిది మొదటి పొర. దర్జీ కత్తెర, జేబు, టోపీ ప్రవేశించిన కాలానిది రెండవది. ఈ రెండు పొరల స్వభావాలు ఒకటి కావు. వాటి భేదానికి కారణం భాషలో కంటె ఆ బట్టలు తొడిగిన మనుషుల పరస్పర సంబంధాలలోనే వెదకవలసి ఉంటుంది.

తెలుగుదేశపు నేత కీర్తి ప్రాచీనమైనది. కాకతీయుల కాలంలో మోటుపల్లి ఓడరేవును వర్ణించిన మార్కోపోలో, అక్కడి సన్ననేత వస్త్రాలను సాలెగూటితో పోల్చి ప్రశంసించాడు. పాల్కురికి సోమనాథుడు తన కాలపు వస్త్రభేదాలను సుదీర్ఘమైన పట్టికగానే గ్రథించాడు. 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో సురవరం ప్రతాపరెడ్డి ఇటువంటి కావ్యసామగ్రిని శ్రద్ధగా ఏరి, పూర్వుల వేషధారణను పునర్నిర్మించే యత్నం చేశారు. ఆ యత్నం తెలుగు చరిత్రరచనకు కొత్తదారి చూపిందనడంలో సందేహం లేదు. కాని కావ్యపట్టికలలోని చీనాంబరాలలో ఒక్కటైనా పల్లె నుడికారంలోకి దిగిరాలేదన్నది గమనింపదగిన విషయం. పల్లెవాడి నానుడికి తెలిసినవి గుడ్డ, పాత, పంచె, కోక, కొంగు, గోచి, దుప్పటి, గొంగడి. ‘కూడు, గుడ్డ’ అని జంటగా పలికినప్పుడు ఆ గుడ్డ అలంకారం కాదు, ప్రాణధారణకు కావలసిన రెండవ అవసరం. పట్టు ఎక్కడైనా కనిపిస్తే అది అరువుదిగానే కనిపిస్తుంది. ‘పట్టుచీర అరువిచ్చి పీట పట్టుకొని వెంట తిరిగినట్టు’ అనే సామెతలో, ఇచ్చిన చీరకు మట్టి అంటుతుందేమోనన్న భయంతో, కట్టుకున్నామె ఎక్కడ కూర్చుంటే అక్కడ పీట వేయడానికి సిద్ధంగా నడిచే ఇల్లాలి మనఃక్లేశం ఉంది; ఊరంతటికి ఒకటో రెండో పట్టుచీరలుండి, పెళ్లిళ్లకు అవే ఇల్లిల్లు తిరిగిన ఆర్థికస్థితీ ఉంది.

తొలిపొరలో ప్రధానస్థానం కొంగుది. కుట్టని వస్త్రానికి జేబు ఉండదు గనుక, స్త్రీకి కొంగే పెట్టె, కొంగే సంచి, కొంగే తువ్వాలు. కూలిడబ్బులు కొంగున ముడివేసి నడుమున దోపుకోవడం మొన్నమొన్నటి దాకా కామారెడ్డి అంగడిలో నిత్యదృశ్యం. ఆపద వచ్చినప్పుడు ఎవరినీ యాచించకుండా చేతికందే ధనం అదే. ‘కొలిచినవారికి కొంగుబంగారం’ అని దేవుణ్ణి స్తుతించడంలో ఉన్నది ఈ అనుభవమే: భిక్కనూరు సిద్ధరామేశ్వరుణ్ణి కొలిచే భక్తురాలికి దైవానుగ్రహం స్వర్గంలో దాచిన నిధి కాదు, తన కొంగుచివర తడిమి చూసుకోగలిగిన ముడి. పెళ్లిలో వధూవరుల వస్త్రాంచలాలను కలిపి వేసే కొంగుముడి, ఆడబిడ్డ పుట్టింటి నుంచి వెళ్లేటప్పుడు ఒడిలో పోసే ఒడిబియ్యం, పొలానికి వెళ్లేవాడి భుజాన గుడ్డలో వేలాడే సద్దిమూట, ఆ సద్దిమూటతో పోల్చిన పెద్దలమాట, ఇవన్నీ ఒకే భావకుటుంబానికి చెందినవి. కట్టడం అంటే కలపడం, కాపాడడం, నమ్మడం. నాటుకూలికి వంగే ముందు చీరను కాశపోసి కొంగు నడుముకు చుట్టిన స్త్రీని చూసినవారికి ‘నడుము కట్టడం’ అనే పలుకుబడి ఎందుకు సంకల్పవాచకమైందో వేరే చెప్పనక్కరలేదు. ఈ కుటుంబంలోనే ఒక చేదుమాటా లేకపోలేదు. ‘కొడుకును కొంగున కట్టేసుకున్నది’ అని కోడలిని నిందించేటప్పుడు బంధం బందిఖానాగా మారుతుంది. ఉమ్మడికుటుంబంలో అధికారం చేతులు మారే వేళ పుట్టిన ఈ నింద, తల్లి విషయంలో ‘కొంగుచాటు బిడ్డ’ అని మృదువుగాను, భార్య విషయంలో కఠినంగాను ధ్వనించడం న్యాయమైన తూకం కాదు. నుడికారం సమాజపు వివేకాన్నే గాక దాని పక్షపాతాన్ని సైతం భద్రపరుస్తుంది.

బట్ట కొరత నేర్పిన నానుడులు వేరొక శాఖ. నెలబాలుడు తొలిసారి కనిపించిన సాయంకాలం కట్టుబట్ట నుంచి ఒక దారం తీసి చంద్రుడికి సమర్పించి, కొత్తబట్ట ఇమ్మని కోరుకునే ఆచారం పూర్వం విరివిగా ఉండేది. ‘చంద్రుడికో నూలుపోగు’ అనే పలుకుబడి దాని నుంచే వచ్చింది. నేడు దానిని అల్పమైన కానుకను గురించి వినయంగా చెప్పుకోవడానికి వాడుతున్నారు. ఉన్న ఒక్క గుడ్డలోంచి దారం లాగి ఇచ్చినవాడికి మాత్రం అది అల్పమై ఉండదు. ‘దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలి’ అన్న హితవు తెలుగువారి సొత్తు మాత్రమే కాదు. చాదరును చూసుకొని కాళ్లు చాపమని ఉర్దూ, హిందీ మాట్లాడేవారూ అంటారు. మూడు నాలుగు భాషలు ఒకే అంగడిలో బేరమాడిన ఈ సీమలో అది ఎవరి నుంచి ఎవరికి చేరిందని తేల్చబూనడం కంటె, అందరి దుప్పట్లూ పొట్టివేనని గ్రహించడం చరిత్రకారుడికి ఎక్కువ ఉపయోగకరం. చినిగిన చీరలను పొరలుపొరలుగా పేర్చి ఆడవాళ్లు కుట్టిన బొంత ఆ పొట్టి దుప్పటికి ప్రత్యామ్నాయం; దాని ‘అతుకులు’ ఇప్పుడు సంకీర్ణ ప్రభుత్వాలకు నిందావాచకంగా స్థిరపడ్డాయి. చలిరాత్రులలో పిల్లలను కాచిన వస్తువుకు ఈ అపఖ్యాతి తగదు.

‘కట్టుబట్టలతో మిగిలారు’ అనే మాటకు ఇక్కడ ప్రత్యేకమైన చారిత్రకస్మృతి ఒకటి ఉంది. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ బహదూర్ పర్యవేక్షణలో, అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల నడుమ మంజీరకు అడ్డంగా 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, బోధన్ మొదలైన దిగువ తాలూకాలలో రెండున్నర లక్షలకు పైబడిన ఎకరాలకు నీటిని సంకల్పించింది. దిగువన చెరకు, వరి విస్తరించి, బోధన్‌లో చక్కెర కర్మాగారం వెలిసింది. ఎగువన జలాశయగర్భంలో కలిసిన ఊళ్ల జనం మాత్రం మూటాముల్లె కట్టుకొని మెట్టలెక్కారు. ఆ నిర్మాణపు ఇంజనీరింగ్ ప్రతిభను, అది పోషించిన కుటుంబాలను తక్కువచేసి చూడడం సరికాదు; అది మూటలు కట్టించిన కుటుంబాలను లెక్కలోంచి తీసివేయడమూ సరికాదు. ‘కట్టుబట్టలు’ అన్న మాటలో తక్కిన ఆస్తి అంతా పోయిన తర్వాత మనిషికి మిగిలే ఆఖరి ఆస్తి దేహానికి చుట్టిన గుడ్డే అన్న నిర్ణయం ఉంది.

ఇక ఈ సీమ నుడికారానికి సర్వాధికంగా ఆధారమైనది గొంగడి. కోస్తాలో గొంగళి, కంబళి అని పిలిచే దీన్ని దక్కనీ జాతి గొర్రెల నల్లఉన్నితో కురుమలు తయారుచేస్తారు. ఉన్ని కత్తిరించి, ఏకి, ఇంటి ఆడవాళ్లు వడికి, మగవాళ్లు నేసిన పిమ్మట చింతగింజల గంజి పట్టించి ఆరబెడితే, బట్ట బిరుసెక్కి, వానచినుకు త్వరగా లోనికి దిగనివ్వదు. వానకు ముసుగు, రాత్రికి పరుపు, చలికి కప్పు, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లకు జోలె, పంచాయితీకి ఆసనం, కులదైవం బీరప్ప కొలువులో పవిత్రాసనం, అన్నీ అదే. కురుమ ఒకచోట నిలిచేవాడు కాడు. మంద ఈ రాత్రి ఒక కాపు చేనులో, మరునాటి రాత్రి మరొకరి చేనులో ఉండేది. పెంట చేనికి ఎరువు, కొలిచిన గింజలు కురుమకు జీతం. మంద కదిలితే గొంగడి కదులుతుంది. ‘ఎక్కడేసిన గొంగడి అక్కడనే’ అన్నప్పుడు పని ముందుకు సాగలేదని మాత్రమే మనకిప్పుడు బోధపడుతుంది. రోజూ మంద వెంట కదిలే ఆ జీవనాన్ని గుర్తుచేసుకుంటే దాని అసలు బరువు తెలుస్తుంది: కదలవలసిన గొంగడి కదలలేదంటే చేనుకు ఎరువు లేదు, గొర్రెకు కొత్తమేత లేదు, ఇంటికి గింజలు లేవు. చిన్న చెరువుకట్ట మరమ్మతు మొదలు భూమి పట్టాల వివాదం వరకు, కదలని ప్రతి దస్త్రాన్ని గురించి ఈ పల్లెలవారు ఈ మాటనే వాడుతూ రావడం కాకతాళీయం కాదు. దీనికి తోడుగా ‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు’ అన్న సామెత ఉంది. ఉన్ని మీద పెట్టుకుని తిన్న అన్నంలో వెంట్రుక రాక తప్పదు. తెలిసి కూర్చున్నవాడు ఫిర్యాదు చేయరాదని దాని తాత్పర్యం. ఇందులో లోకజ్ఞత కొంత, సర్దుకుపొమ్మనే ఒత్తిడి కొంత కలగలిసి ఉన్నాయి. ఎక్కువసార్లు ఇది పైవారు కిందివారికి చెప్పిన సామెతగానే వినిపిస్తుంది.

బట్టను నేసినవాడి కంటె ఉతికినవాడే పల్లె రహస్యాలు ఎక్కువ ఎరిగినవాడు. ‘రెంటికి చెడ్డ రేవడు’ అన్న నానుడిలోని రేవడు రేవున బట్టలుతికే చాకలి. ఏటికి ఈ గట్టున కొన్ని, ఆ గట్టున కొన్ని బట్టలు ఆరవేసిన రేవడు, వరద వచ్చినప్పుడు ఇటువి తీయాలా అటువి తీయాలా అని నడుమ పరుగెత్తి రెండూ పోగొట్టుకున్నాడని పెద్దలు చెప్పే కథ. వానాకాలపు మంజీరను, దాని వాగులను ఎరిగినవారికి అది కట్టుకథగా తోచదు. పోయినవి తన బట్టలు కావు, ఊరివి. జవాబు చెప్పుకోవలసింది మాత్రం తానే. ఈ వృత్తివారి ఇలవేలుపు మడేలయ్య. బసవేశ్వరుని సమకాలికుడు, అదే వృత్తికి చెందిన శివభక్తుడు అయిన మడివాలు మాచయ్య కథను సోమనాథుడు బసవపురాణంలో చెప్పాడు. మలినం పోగొట్టే చేతికి శివభక్తులలో అంత ఉన్నతస్థానం ఇచ్చిన సంప్రదాయం ఒకవైపు, ఆ చేతిచేత జీతం లేకుండా దొరల గడీ బట్టలు, అధికారుల బట్టలు ఉతికించిన వెట్టి మరొకవైపు తెలంగాణ చరిత్రలో శతాబ్దాల పాటు కలిసి నడిచాయి. 1930లో పొరుగుననే ఉన్న జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్ర మహాసభ నుంచి మొదలైన ప్రజాచైతన్యం ఈ వెట్టిని ప్రశ్నించింది. తర్వాతి దశాబ్దంలో పాలకుర్తిలో చాకలి ఐలమ్మ భూపోరాటం ఆ ప్రశ్నకు కొత్తరూపమిచ్చింది. ‘మడి కట్టుకుని కూర్చోవడం’ అని తటస్థులను ఎద్దేవా చేసే పలుకుబడిని వినేటప్పుడు, ఆ మడిబట్టను శుభ్రపరచిన మనిషి దాన్ని తిరిగి తాకకూడని నియమం కూడా గుర్తుకు రావాలి. ‘తడిగుడ్డతో గొంతు కోయడం’, ‘గుడ్డ కాల్చి మీద వేయడం’ అనేవి ఇదే తొలిపొరలోని క్రూరమైన పలుకుబళ్లు. మొదటిది చప్పుడు లేని ద్రోహం, రెండవది ఆరోపణకు ఆధారం అడగకముందే మసి అంటించే నింద. కట్టుబట్ట కాలమంతా విశ్వాసకాలమని భ్రమపడకుండా ఈ రెండూ మనను కాపాడతాయి.

పురుషుడి గౌరవచిహ్నం తలకు చుట్టిన రుమాల. గడీ ముందు నడిచేటప్పుడు చెప్పులు చేత పట్టుకొని, తలగుడ్డ తీసి, భుజం మీది సెల్లాను నడుముకు చుట్టుకోవలసి వచ్చిన కాలం ఇంకా వృద్ధుల స్మృతిపథంలో ఉంది. తలగుడ్డ ఎదుటివాడి కాళ్ల దగ్గర పెట్టడం అంతిమశరణాగతికి సంకేతం. కామారెడ్డి చెంతనే ఉన్న దోమకొండ కోట, ఇటీవల చేసిన జీర్ణోద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం అందుకుంది. శిల్పసౌందర్యం రీత్యా అది తగిన గౌరవమే. ఇటువంటి కోటల గోడలతో పాటు వాటి ముందు వంగిన తలల చరిత్ర కూడా నిలవాలని కోరడం ఆ గౌరవానికి వ్యతిరేకం కాదు. తలగుడ్డ ప్రస్తావనలోనే ఒక పదవివాదం ఎదురవుతుంది. ఒకచోట బలంగా స్థిరపడడాన్ని ‘పాగా వేయడం’ అంటారు. తలపాగాయే దీనికి మూలమని పలువురి నమ్మిక. కాని తలపాగాను చుడతారు, కడతారు, పెడతారు. వేసేవి డేరా, గుడారం, మకాం. మరాఠా, నిజాం సైన్యాలలో పాగా అంటే గుర్రపుదళం, దాని లాయం. హైదరాబాదు సంస్థానపు పాయిగా ప్రభువుల బిరుదుకూ ఆశ్వికదళాన్ని పోషించే ఈ అధికారమే మూలం. గుర్రాలను దించి ఊరు పట్టిన సైనికుల జ్ఞాపకమే ఈ మాటలో నిలిచిందని, వస్త్రం దీనికి తర్వాత అతికిన అర్థమని నా నిర్ణయం.

రెండవ పొర పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో వేగంగా ఏర్పడింది. సంస్థానపు దివాను మొదటి సాలార్‌జంగ్ 1860లలో చేపట్టిన జిల్లాబందీ సంస్కరణ తాలూకాలకు తహసీల్దార్లను, కచేరీలను తెచ్చింది. అటుపిమ్మట ఫారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభానికి హైదరాబాదు నుంచి మన్మాడు వరకు పోయే రైలుమార్గం కామారెడ్డి మీదుగా సాగి, మిల్లుగుడ్డను, మిల్లునూలును అంగడికి తెచ్చింది. సాలెలలో ఎందరో మగ్గం విడిచి షోలాపూర్, బొంబాయి, భివండి దారి పట్టారు. అంగి, లాగు, పైజామా, షేర్వాణీ, కీస, టోపీ అనే మాటలు ఆ వస్త్రాలతో పాటే వచ్చాయి. మేరవారి కత్తెరకు, కుట్టుమిషనుకు పని పెరిగింది. ఈ పొర నానుడులను చూడండి: ‘జేబులు నింపుకోవడం’, ‘జేబుకు చిల్లు పడడం’, ‘అంగి మార్చినంత తేలికగా’ పార్టీ మార్చడం, భయపడినవాడికి ‘లాగు తడవడం’, మోసగించడానికి ‘టోపీ పెట్టడం’, ఇంకా ఘనంగా ‘కుచ్చుటోపీ పెట్టడం’. నల్లకుచ్చు వేలాడే ఎర్రని రూమీటోపీ ఆనాటి సంస్థానపు ఉద్యోగవర్గానికి పరిచితమైన శిరోవేషం. కొంగు, ముడి, మూటల పక్కన వీటిని పెట్టి చూస్తే, తొలిపొర నానుడులు ఇంటికీ చేనుకూ చెందినవని, మలిపొరవి కచేరీకీ కొలువుకూ వ్యాపారానికీ చెందినవని స్పష్టమవుతుంది.

ఇంతమాత్రాన మలిపొర నానుడులలోని మోసపు నిందను ఒక భాషకో మతానికో అంటగట్టడం ఘోరమైన పొరపాటు. టోపీ ధరించిన తహసీల్దారుకు లెక్కలు రాసిన పట్వారీ తలకు తెలుగు రుమాలే ఉండేది; శిస్తుకట్టే రైతుకు వారిద్దరి నడుమ పెద్ద భేదం కనిపించి ఉండదు. మోసానికి మరో పర్యాయంగా తెలుగువాడు ‘శఠగోపం పెట్టడం’ అంటాడు. అది వైష్ణవాలయం నుంచి వచ్చింది. అధికారం ఏ వస్తువు రూపంలో తల మీదికి దిగినా జనం దానికి ఒకే అర్థం చెప్పుకున్నారు. ఇక జేబు విషయంలో కారణం మరింత సరళమైనది. కొంగుముడి అందరికీ కనబడేది. జేబు లోపలి సొమ్ము కనబడదు. దాపరికానికి వీలిచ్చే వస్త్రభాగం అనుమానానికి నెలవు కావడం సహజం.

ఈ నుడికారాన్ని గ్రంథస్థం చేయడంలో తెలంగాణ ఆలస్యంగా వంతు పొందింది. 1852లో వెలువడిన బ్రౌన్ నిఘంటువు గాని, 1868లో మద్రాసులో అచ్చయిన కెప్టెన్ కార్ సామెతల సంపుటం ‘ఆంధ్రలోకోక్తిచంద్రిక’ గాని మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల తెలుగు మీదనే ప్రధానంగా ఆధారపడ్డాయి. ఆ తర్వాత అర్ధశతాబ్దం గడిచినా నైజాం తెలుగుకు సభలోనే చోటు దొరకలేదు: 1921లో హైదరాబాదు వివేకవర్ధనిలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి ఆపారు, ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1937లో ఆరవ ఆంధ్ర మహాసభ నిజామాబాదులో సమావేశమయ్యే నాటికి ఈ జిల్లా పల్లెలలోనూ గ్రంథాలయాలు, పత్రికలు చేరుతున్నాయి. స్వాతంత్ర్యానంతరం బిరుదురాజు రామరాజు జానపద సాహిత్య పరిశోధన, భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశాలు పల్లెమాటకు శాస్త్రగౌరవం కలిగించాయి. 1971నాటి చేనేత సంపుటం పడుగు, పేక, అచ్చు, పోగుల చుట్టూ అల్లుకున్న మాటలను జిల్లాలవారీగా సేకరించింది. సాలెమగ్గాలు మూతపడినా వాటి పదజాలం నేటి పరిశోధకుడి చేతికి అందుతున్నదంటే ఆ కృషే కారణం.

ఉన్నిపనికి ఇప్పుడు అటువంటి శ్రద్ధ అవసరం. మాంసానికి గిరాకీ పెరిగి, ఉన్నికి ధర పడిపోవడంతో దక్కనీ నల్లగొర్రె స్థానాన్ని కొన్ని దశాబ్దాలుగా ఉన్నిలేని నెల్లూరు జాతి గొర్రెలు ఆక్రమిస్తూ వచ్చాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం రాయితీతో పంచిన పథకం ఎన్నో కురుమ, గొల్ల కుటుంబాలకు ఆదాయమార్గమైంది. ఇతర రాష్ట్రాల నుంచి కొని తెచ్చిన ఆ జీవాలలో అధికభాగం ఉన్నికి పనికిరానివే. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాగా ఏర్పడిన కామారెడ్డిలో ‘ఎక్కడేసిన గొంగడి అక్కడనే’ అన్న మాట కార్యాలయాల వరండాలలో రోజూ వినిపిస్తుంది. ఆ మాట అనేవారిలో గొంగడి కప్పుకున్నవారు అరుదు. ఉన్ని కత్తిరింపు నుంచి చింతగింజల గంజి దాకా ప్రతి దశకూ, ప్రతి పనిముట్టుకూ, అంచులోని ప్రతి చారకూ కురుమ ఇళ్లలో వేర్వేరు పేర్లున్నాయి. నేసే చేతులు ఉండగానే ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట పల్లెలలో వాటిని సేకరించాలి.